మూడో చరణంలో లేచిన మనిషి

పాట వినకుండానే పాటను కోసేదాన్ని నేను. నవ్వకండి, నిజం. నాచారంలో ఒక జిరాక్స్ షాపు పైన, కిటికీ కూడా లేని ఎడిటింగ్ రూములో ఇరవై ఏళ్ళకు పైగా కూర్చున్నాను. నోరు ఎక్కడ తెరుచుకుంటుంది, తబలా దెబ్బ ఎక్కడ పడుతుంది, మధ్యలో వాద్యాల ముక్క ఎక్కడ మొదలవుతుంది, ఇవే నాకు కావలసినవి. పాడేవాళ్ళు ఏం పాడుతున్నారో పట్టించుకునే తీరిక ఉండేది కాదు. తీరిక లేదనడం కూడా పెద్ద మాటే. అవసరం లేదనుకునేదాన్ని.

ఈ మధ్య హబ్సిగూడలో వీడియో కోర్సు నడిపేవాళ్ళు నన్ను పిలిచి, పాటల వీడియోలను ఎలా చూడాలో, ఎలా విడదీసి అర్థం చేసుకోవాలో పిల్లలకు చెప్పమన్నారు. వెనక బెంచీలోంచి ఒకమ్మాయి లేచి, "మేడం, ఏ పాట ఎట్ల తియ్యాల్నో రూల్స్ ఉంటయా?" అని అడిగింది. ఉంటాయి తల్లీ, ఎందుకుండవు! జానపదం అయితే పొలం గట్టు మీద లంగావోణీ పిల్ల, పైనుంచి డ్రోను, మొదటి చరణంలో అలక, రెండో చరణంలో బావ బండి మీద రావడం. బోనాల పాట అయితే కెమెరా నేల మీద ఉండాలి, పసుపు గాల్లో ఎగరాలి, జుట్టు విరబోసుకున్న మనిషి స్లో మోషన్‌లో తల తిప్పాలి. ఇవన్నీ గడగడా చెప్పేశాను. పిల్లలు రాసుకున్నారు. ఒక పాట దగ్గర మాత్రం ఆగి, నీళ్ళు తాగి వేరే సంగతిలోకి పోయాను. ఆ రోజు చెప్పలేనిది ఇక్కడ రాస్తున్నాను, మీరైనా చదవండి.

మా దగ్గరికి చర్చి పాటలు చాలా వచ్చేవి. మౌలాలి, మల్లాపూర్, ఉప్పల్ చుట్టుపక్కల కాలనీల్లో పాడేవాళ్ళకు కొదవ లేదు. అందులో 'సాక్ష్యం పాట' అని ఒక రకం ఉంది. దేవుడు తమ ఇంట్లో చేసిన మేలును పదిమంది ముందు చెప్పుకోవడం అన్నమాట. దానికి అచ్చు గుద్దినట్టు ఒకే కథ. పల్లవిలో కష్టం. మొదటి చరణంలో దవాఖాన మంచం, సెలైన్ బాటిల్ మీద క్లోజప్. రెండో చరణంలో మోకాళ్ళ మీద ప్రార్థన. మూడో చరణంలో రోగి లేచి నిలబడాలి. అక్కడ తెల్లటి వెలుగు, దాని వెంటనే గుట్ట మీద చేతులు చాచిన గాయని, డ్రోను చుట్టూ తిరగాలి. నేను అమ్మవారికి బోనం ఎత్తే ఇంటి మనిషినే గానీ ఈ వరస నాకు మా వంటింటి డబ్బాల వరస కన్నా బాగా తెలుసు.

మా డైరెక్టర్ నాకన్నా చాలా చిన్నవాడు, చురుకైనవాడు. చెడ్డవాడు మాత్రం కాదు, ముందే చెబుతున్నాను. సొంత డ్రోను ఉంది. దాన్ని మెత్తటి గుడ్డతో తుడుస్తున్నప్పుడు చూస్తే, ఇంట్లో పెళ్ళాన్ని కూడా ఇంత అపురూపంగా చూసుకుంటాడా అనిపించేది. కెమెరామన్ నా ఈడువాడు, నన్ను అక్కా అనేవాడు. అతనికి ఒక పాడు అలవాటు. డైరెక్టర్ కట్ చెప్పినా కెమెరా ఆపడు. అలా వదిలేసి చాయ్ తాగడానికి పోతాడు. నా డిస్కులన్నీ ఆ చెత్తతో నిండిపోయేవి. "సచ్చినోడా, ఒక్క బటన్ ఒత్తడానికి నీకేం రోగమొచ్చింది?" అని తిట్టేదాన్ని. "జర ఉండనీ అక్కా. కట్ అన్నంకనే మనిషి మనిషి లెక్క కూసుంటడు" అనేవాడు.

ఒకరోజు ఒక ఆవిడ వచ్చింది. నాచారంలోనే బిస్కెట్ల కంపెనీలో ప్యాకింగ్ పని. ముప్పై దాటి ఉంటుంది. ఆమె భర్త లేత్ మిషన్ మీద పనిచేసేవాడు, కిడ్నీలు పాడై కిందటేడు చనిపోయాడు. ఏడాది పూర్తయిన ఆదివారం ఇంటి ముందు జ్ఞాపకార్థ కూడిక పెడుతున్నారు. ఆ రోజు వేయడానికి తనే పాట రాసుకుని, తనే పాడి రికార్డు చేయించుకుంది. దానికి వీడియో కావాలి. డైరెక్టర్ ఆమె చెప్పిందంతా విన్నాడు. దవాఖాన, ప్రార్థన, దేవుడు అనే మూడు మాటలు అతని చెవిన పడ్డాయి. "సాక్ష్యం పాట అక్కా" అని నాకు చెప్పేశాడు. ఆమెకేం జరిగిందో అడగకుండానే నేనూ సరే అనేశాను.

మౌలాలిలో మూతబడ్డ ఒక నర్సింగ్ హోంలో మంచం సీన్లు తీశారు, కాప్రా చెరువు గట్టు మీద డ్రోను తిప్పారు. మోకాళ్ళ నొప్పుల వల్ల నేను షూటింగులకు పోయేదాన్ని కాదు. భార్యగా ఆమే నటించింది, భర్తగా ఒక కుర్రాణ్ణి తెచ్చారు. మంచం సీన్ల రోజు మధ్యాహ్నం షిఫ్టు ఉందని ఆమె ఒంటిగంటకే వెళ్ళిపోయింది. ఆ తరువాత తీసిందే ముఖ్యమైన షాట్. నటుడు కళ్ళు తెరిచి, సూది పీకేసి, లేచి వెళ్ళి కిటికీ తెర లాగుతాడు.

రెండు రోజుల్లో ఎడిటింగ్ ముగించాను. నా పనితనం చూసి నేనే మురిసిపోయాను. ఒక్కటే చిక్కు వచ్చింది. భర్త లేచినప్పుడు భార్య నవ్వాలి కదా, ఆవిడ ఎక్కడా నవ్వలేదు. వెతగ్గా వెతగ్గా చెరువు గట్టు దగ్గర ఒకే ఒక్క నవ్వు దొరికింది. కెమెరామన్ కాలు జారి బురదలో పడబోతే వచ్చిన నవ్వు అది. దాన్ని తెచ్చి మంచం పక్కన అతికించాను. చూసినవాళ్ళెవరూ కనిపెట్టలేరు, మొగుడు బతికొచ్చాడనే నవ్వుతోంది అనుకుంటారు. కథ చెప్పడమంటే ఇదే అని గర్వపడ్డాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది!

బుధవారం పొద్దున షిఫ్టుకు ముందు ఆమె చూడటానికి వచ్చింది. కంపెనీ టోపీ చేతిలో పట్టుకుని నా పక్కన కూర్చుంది. మొదటి చరణం అయ్యేదాకా కళ్ళొత్తుకుంటూ "మంచిగున్నది మేడం, మస్తు మంచిగున్నది" అంటూనే ఉంది. మూడో చరణం వచ్చింది. తెల్లటి వెలుగు, నటుడు లేచాడు.

"ఆపున్రి మేడం."

ఆపాను.

"ఈయనెందుకు లేసిండు?"

"కథ గట్లనే ఉంటదమ్మా. నయమైనట్టు చూపిస్తరు."

"మా ఆయన లెవ్వలే మేడం."

ఆమె ఏడవలేదు. టోపీని మోకాళ్ళ మీద పెట్టుకుని, లెక్క అప్పజెప్పే పిల్లలా మెల్లగా చెప్పింది.

"ఆయన పోయిన పొద్దు మా అత్త చర్చిల ఉపాస ప్రార్థనల కూసున్నది. మూడు దినాల సంది పచ్చి మంచినీళ్ళు ముట్టలే. ఆమె దవాఖానకు వచ్చేటాలకు అంతా అయిపోయింది. నీకు విశ్వాసం లేకనే నా కొడుకు పోయిండు, విశ్వాసం ఉన్నోళ్ళ మొగళ్ళు లేసి ఇండ్లకొస్తున్నరు అన్నది. గంతే. గప్పటి సంది నాతోని మాట్లాడలే. ఒక్కింట్లనే ఉంటం, ఒక్క పొయ్యి మీదనే వండుకుంటం. ఏడాదైతాంది మేడం."

"మరి..."

"ఐతారం నాడు ఇంటి ముందట అందరొస్తరు. టీవీల నా పాట ఏస్తరు. నా పాటలనే ఆయన లేసి నిలబడితే, ఆమె అన్నది నిజమని నేనే ఒప్పుకున్నట్టయితది గద? విశ్వాసముంటే లేస్తుండె, నాకే లేకుండె అని నా నోటితోని నేనే పాడినట్టయితది."

"పాటల నువ్వేం రాసినవమ్మా?" అని అడిగాను. అడిగాక సిగ్గుతో చచ్చిపోయాను. రెండు రోజులుగా ఆ పాటను ముక్కలు ముక్కలుగా మోగిస్తూ కూర్చున్నది నేనే కదా. ఆమె నా వైపు వింతగా చూసి, గొంతు తగ్గించి మూడో చరణం పాడింది.

*ఊపిరి ఆగిన పూటైనా*
*ఊరడించిన నా దేవా,*
*లేవని చేయి నా చేతిలో*
*నీ చేయి నా తల మీద.*

'లేవని చేయి' అన్న మాట మీద సరిగ్గా నటుడు చేయెత్తి కిటికీ తెర లాగే షాట్ పెట్టాను నేను. తబలా దెబ్బకు చక్కగా పడింది కూడా.

ఆమె షిఫ్టుకు వెళ్ళిపోయాక డైరెక్టర్‌కు ఫోన్ చేశాను. కరీంనగర్ వైపు ఏదో జానపదం షూటింగులో ఉన్నాడు. వెనక నుంచి డీజే మోత.

"ఆమె మొగడు సచ్చిపోయిండురా."

"ఎరికె అక్కా. గని పాట అందరి కోసం గద. సాక్ష్యం పాటల మనిషి లెవ్వకుంటే సూసెటోళ్ళు లేసిపోతరు. ఫార్మాట్ కరాబ్ జెయ్యకు."

"ఆమె ఇంట్ల ఏమైతాందో తెలుసా నీకు?"

"ఇప్పుడు మల్ల షూటింగంటె నాతోని కాదు. నర్సింగ్ హోం గూడ కూలగొడ్తున్నరు. ఎట్లుందో గట్ల ఇచ్చెయ్యక్కా, ఫికర్ జెయ్యకు."

ఫికర్ చేయకు అంటే ఎలా? తెలిసీ తీశాడు వాడు. తెలియకుండా కోశాను నేను. ఇద్దరిలో ఎవరిది ఎక్కువ తప్పో ఇప్పటికీ తేల్చుకోలేదు. నాదే అనిపిస్తుంది. వాడు కనీసం ఆమె మాట విన్నాడు.

మర్నాడు పొద్దున్నే కెమెరామన్‌ను టిఫిన్ డబ్బాతో సహా కూర్చోబెట్టి, ఆ పాటకు తీసిన మిగతా ముక్కలన్నీ తిప్పడం మొదలుపెట్టాను. లేచే షాట్ తీసేస్తే ఆ చోట ఏం పెట్టాలి? చెరువు నీళ్ళు పెట్టి చూశాను, క్యాలెండర్ బొమ్మలా ఉంది. చేతులు చాచిన షాట్ పెట్టి చూశాను, అబద్ధంలా ఉంది. పదకొండింటికి ఒక చెత్త ముక్క తెరిచాను. డైరెక్టర్ కట్ చెప్పాక కెమెరా ఆపకుండా వదిలేసిన ముక్క.

నటుడు మంచం దిగి ఫోన్ చూసుకుంటూ పక్కకు పోయాడు. ఆమె ఒక్కతే ఉంది. కాసేపు ఊరికే నిలబడింది. తరువాత మంచం మీది దుప్పటి తీసి ఒకసారి దులిపింది. ఒక అంచు గడ్డం కింద ఇరికించుకుని, రెండో అంచు కలిపి, సగానికి మడిచింది. మళ్ళీ సగానికి. కొసలు సరిగ్గా కలవలేదని విప్పి మళ్ళీ మడిచింది. దాన్ని దిండు మీద పెట్టి, ఖాళీ పరుపు మీద అరచెయ్యి ఆనించి అలా ఉండిపోయింది. ఎవరో జరగమన్నట్టున్నారు, ఉలిక్కిపడి జరిగింది. అంతే.

కెమెరామన్ ఇడ్లీ ముక్క చేతిలోనే పెట్టుకుని చూస్తున్నాడు. "నేను చాయ్ తాగవోయిన అక్కా గప్పుడు" అన్నాడు, తప్పు చేసినవాడిలా.

జీవితంలో మొదటిసారి వాణ్ణి తిట్టలేదు.

అడగకుండా పెట్టకూడదనిపించింది. ఆటో మాట్లాడుకుని బిస్కెట్ల కంపెనీ గేటు దగ్గరికి పోయాను. టీ బ్రేక్‌లో ఆమె బయటికి వస్తే ఫోనులో చూపించాను. గేటు ముందు లారీల మోత మధ్య, ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది.

"నేనిట్ల జేసిన్నా? నాకు తెల్వనే తెల్వదు మేడం." ఫోను కిందికి దించకుండానే, "ఆ పొద్దు గూడ గిట్లనే జేసిన. వాళ్ళు ఆయన్ని తీస్కవోయిన్రు. ఏం జెయ్యాల్నో సమజ్ కాలే. దుప్పటి మనదే గద, ఇంటికెల్లి తెచ్చుకున్నది. మడతవెట్టుకుంట నిలబడ్డ" అంది.

"పాటల పెట్టమంటవా?"

"నా మొఖం మంచిగ లేదు గద అండ్ల?"

"లేదు." ఆ ఒక్కటైనా అబద్ధం చెప్పదలచుకోలేదు.

ఆమె ఫోను నా చేతికిచ్చేసింది. "అయితే పెట్టున్రి."

మూడో చరణం మొత్తం ఆ ఒక్క షాటే పెట్టాను. మధ్యలో కట్ లేదు. రెండు సెకన్లకొకసారి కోసిన చేయి నాది, ఊరుకుంటుందా? కొసలు విప్పి మళ్ళీ మడిచే చోటు తీసేద్దామని రెండుసార్లు వేలు పెట్టాను. "చెయ్యి తియ్యక్కా కీబోర్డ్ మీదికెల్లి" అని వెనక నుంచి కెమెరామన్ గదమాయించాడు. నిజానికి ఆ షాట్‌ను పరీక్షలో పెడితే ఫెయిల్ చేయాలి. ఫ్రేము కొంచెం వంకరగా ఉంది, ఆమె నిలబడితే తల సగం తెగిపోతోంది, ఫోకస్ ఆమె మీద కాక దిండు మీద ఉంది. ఆ కోణానికి అర్థమేమిటి అని ఎవరైనా మాస్టారు అడిగితే పెద్ద పెద్ద మాటలు రాయకండి. కెమెరామన్‌కు చాయ్ తాగాలనిపించింది, అదీ అర్థం. పాట నడుస్తుంటే ఆమె పెదవులు కదలవు. గొంతు మాత్రం వినిపిస్తుంది. మా రకం పాటల్లో అంతకు ముందు నేను అలా ఎప్పుడూ వదల్లేదు. బురద దగ్గరి నవ్వును తీసేశాను. తీసి ఎక్కడా దాచుకోలేదు.

శనివారం డైరెక్టర్ వచ్చి చూశాడు. అయిపోయాక కూడా తెర వైపే చూస్తూ, "ఇది సాక్ష్యం కాదక్కా, ఏడుపు. నా ఛానల్ల ఎయ్య" అన్నాడు. కానీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఆమెకు పంపింది అతనే. ఆ తరువాత మూడు నెలలు నాకు పాట ఇవ్వలేదు. నాలుగో నెలలో ఒక బోనాల పాటతో తనే మెట్లెక్కి వచ్చాడు, వాడి హడావుడిని భరించే మనిషి ఇంకెవరూ దొరక్క.

ఆదివారం కూడికకు నేనూ కెమెరామన్ వెళ్ళాం. ఉప్పల్‌లో రెండు ఆటోలు పక్కపక్కన పట్టని గల్లీ. అడ్డంగా టెంటు వేశారు, చర్చి నుంచి తెచ్చిన ప్లాస్టిక్ కుర్చీలు. వెనక గిన్నెల్లో బగారన్నం మగ్గుతోంది. ఇంట్లోని టీవీని తెచ్చి గుమ్మం ముందు స్టూలు మీద పెట్టారు. అత్తగారు ముందు వరసలో కూర్చుంది. సన్నటి మనిషి, తెల్ల చీర, ఒళ్ళో బైబిలు. కుర్చీని టీవీకి పక్కవాటుగా తిప్పుకుంది. కోడలు గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. పాస్టరు గారు ప్రార్థన ముగించి, ఇప్పుడు సోదరి తన పాట వినిపిస్తుంది అన్నారు.

నా పని జనంలో కూర్చుని చూడటం నాకు అదే మొదటిసారి. పల్లవి, మంచం, సెలైన్, ప్రార్థన. అందరికీ తెలిసిన దారే, తలలూపుతున్నారు. మూడో చరణం మొదలయ్యేసరికి నా వెనక కూర్చున్న ఒకాయన అలవాటు కొద్దీ "స్తోత్రం!" అన్నాడు. రోగి లేచే చోటు అదే కదా, ఆయనకూ వరస తెలుసు. ఇంకో ఇద్దరు అందుకోబోయి ఆగిపోయారు. తెర మీద ఎవరూ లేవలేదు. ఒక ఆడమనిషి దుప్పటి మడుస్తోంది.

అత్తగారు మెల్లగా తల తిప్పింది. తరువాత కుర్చీనే తిప్పుకుంది.

తెర మీద కోడలు కొసలు విప్పి మళ్ళీ మడిచినప్పుడు గల్లీలో ఎవరూ కదల్లేదు. ఖాళీ పరుపు మీద ఆ చేయి ఆగింది. చివరి పల్లవి వచ్చింది, అయిపోయింది. ఎవరూ ఆమెన్ కూడా అనలేదు. కొంపదీసి తప్పు చేశానా, ఆమె బతుకును ఇంకా కష్టం చేశానా అనుకుంటూ కెమెరామన్ వైపు చూశాను. పాస్టరు గారు లేచి మళ్ళీ ప్రార్థన చేశారు. జనం భోజనాలకు లేచారు. అత్తగారు మాత్రం లేవలేదు. ఆరిపోయిన టీవీని చూస్తూ కూర్చుంది. కోడలు ఒక విస్తరిలో అన్నం పెట్టి తెచ్చి, రోజూ చేసే పనే కాబోలు, మాట లేకుండా ఆమె పక్క స్టూలు మీద పెట్టి వెనుదిరిగింది.

ముసలామె ఆమె కొంగు పట్టుకుంది.

"ఆ పొద్దు నీ పక్కపొంటి ఎవరున్నరే?"

ఏడాది తరువాత అత్త నోటి నుంచి వచ్చిన మాట అది. కోడలు ఆమె వైపు తిరిగింది.

"ఎవ్వల్లేరు అత్తమ్మా. నేనొక్కదాన్నే."

"నేనుండాల్సింది గద. నేను చర్చిల మోకాళ్ళ మీద కూసుంటి." కొంగు వదల్లేదు ముసలామె. ఆ తరువాతి మాట అడగడానికి నోరు తెరిచి రెండుసార్లు మూసింది. "వాడు నన్నేమన్న అడిగిండానే?"

అప్పుడు తెలిసింది నాకు, కోడలితో ఆమె ఎందుకు మాట్లాడలేదో. మాట్లాడితే ఇది అడగాల్సి వస్తుంది.

"అడిగిండు అత్తమ్మా. అమ్మ వస్తున్నదా అన్నడు."

"నువ్వేమన్నవు?"

"వస్తున్నది, తొవ్వల ఉన్నది అన్న. అంటె సరే అని కండ్లు మూసుకున్నడు."

ముసలామె పట్టుకున్న ఆ కొంగునే నోటికి అదుముకుని భోరుమంది. కోడలు ఒక కుర్చీ లాక్కుని ఆమె ఎదురుగా కూర్చుంది. ఆమె రెండు చేతులూ తన ఒళ్ళోకి తీసుకుని, ఆ రోజు తెల్లవారినప్పటి నుంచి దవాఖానలో ఏమేం జరిగిందో మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టింది.